మంగళవారం గొంతు

నా అక్క నూంకీషు నన్ను మోసం చేసింది. రేడియో పిల్ల నైసులా నన్ను మోసం చేసింది. నా కూతురు సిలంతోయ్ నన్ను మోసం చేసింది. ముగ్గురూ నా మంద పాలు తాగినవాళ్లే. ఇందులో తేల్చుకోవలసింది ఏమీ మిగల్లేదు. ఎలా చేశారన్నదే రాస్తున్నాను.

కొత్తగా చదివేవాళ్ల కోసం నాలుగు మాటలు. మేం ఆవుల మీద బతికేవాళ్లం, మా దొడ్డి లోయిటా కొండల కింద ఉంది. నా పేరు తుమాంకా. ఆరేళ్ల కిందట నా భార్య కాన్పులో పోయింది, బిడ్డా పోయింది. పిల్లప్పుడు మా ఆడపిల్లలకు చేసే సున్తీలో కత్తి పెట్టిన చోట మచ్చ గట్టిపడి బిడ్డకు దారి ఇవ్వలేదని నర్సు చెప్పింది. నేను నాలుగో తరగతి వరకే చదివాను. ఆ మాట అర్థం కావడానికి అంతకంటే చదువు అక్కర్లేదు. సంత ఊళ్లో మా భాషలో రేడియో పెట్టాక నైసులా మైకు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. రెండేళ్లుగా ప్రతి మంగళవారం సాయంత్రం, ఆవులు ఇంటికొచ్చే వేళకు, ఆడపిల్లలకు కత్తి వద్దని నా గొంతు రేడియోలో వస్తోంది. పోయినవాళ్ల పేరు పలకకూడదు మేము. నేను పలికాను. పేరు పలికితే గానీ జనం వినరని నైసులా అంది. మా మామగారి వాళ్లు ఆ రోజు నుంచి మా గడప తొక్కలేదు.

ఫలితం మాత్రం వచ్చింది. ఈ శనివారం బడి మైదానంలో నలభై మంది ఆడపిల్లలకు పెద్దవాళ్లయ్యే వేడుక. గుండు, పూసలు, పాలు, పెద్ద ఆడవాళ్ల బుద్ధులు, అన్నీ ఉంటాయి, కత్తి ఒక్కటే ఉండదు. వరసలో మొదట నిలబడేది నా కూతురు. మొదటి తండ్రిని నేను. నేను పాలు పుక్కిట పట్టి పిల్ల తల మీద చల్లి, "నా కూతురు పెద్దదైంది, దీనికి కొరత లేదు" అని అందరికీ వినపడేలా అనాలి. ఆ తర్వాతే మిగతా ముప్ఫై తొమ్మిది మంది తండ్రులు నోరు తెరవాలి. నేను అనకపోతే ఎవరూ అనరు.

మొన్న అక్క మందలో నా పెయ్య దగ్గర ఆగాను. నా భార్య ఆవుల సంతతి అది, సిలంతోయ్ వాటా, మేత కోసం అక్క దగ్గర వదిలాను. దాని మెడ నరం మీద బాణం గాటు చూశాను, తాగడానికి రక్తం తీసిన గాటు. పైన పేడ మెత్తి ఉంది. పొక్కు కట్టిన తీరు చూస్తే కొట్టి మూడు వారాలై ఉంటుంది. మూడు వారాల కిందట సిలంతోయ్ బడి సెలవులకు అత్త దగ్గరే ఉంది.

అక్క గుడిసె ముందు కూర్చుని, కాలుతున్న పుల్లతో పాలు పోసే సొరబుర్ర లోపల రుద్దుతోంది. నన్ను చూసి తల ఎత్తలేదు.

"పెయ్యను ఎవరు కొట్టారు?" అన్నాను.

"ముందు కూర్చో. గొడ్డును కాదు, మనిషిని పలకరించు. నీ పిల్లలు బాగున్నారా అను. నీ ఆవులు బాగున్నాయా అను."

"ఎవరు కొట్టారు అక్కా?"

"బాణం నా కొడుకుది. తాడు నేనే బిగించి పట్టుకున్నా. బాగా కొట్టాడులే, ఒక్క దెబ్బకే వచ్చింది."

"మీ ఇంట్లో బాలింత లేదు. జబ్బుపడి లేచినవాళ్లు లేరు. ఈ ఏడు సున్తీ అయిన కుర్రాడూ లేడు. ఆ రక్తం ఎవరు తాగారు?"

"ఏం తమ్ముడూ, గొడ్ల డాక్టరు ఉద్యోగం కూడా ఇచ్చారా రేడియోవాళ్లు?"

నేను అక్కడే నిలబడ్డాను. మా అక్కకు చేతకానిది ఒకటే, అబద్ధం. ఎదురుగా నిలబడితే చాలు, దానంతట అదే బయటికొస్తుంది. ఆమె పుల్ల పక్కన పెట్టింది. బుర్రలో పొగ ఊదింది. ఆ పొగ పోయేదాకా ఆగింది.

"సిలంతోయ్ తాగింది" అంది.

నా చేతికర్ర కింద పడింది. పెద్దవాడి కర్ర కింద పడితే ఎవరో ఒకరు తీసివ్వాలి. ఎవరూ తీయలేదు. నేనూ తీయలేదు.

"కోయించావా?"

"కోయించా. కత్తి పట్టే పాత ముసలమ్మే వచ్చింది. తెల్లవారుజామున, ఆవులు పాలివ్వకముందు. ఎవరికీ చెప్పలేదు, పాట లేదు, విందు లేదు. కుక్క కూడా మొరగలేదు."

"దాని తల్లి ఎలా చచ్చిందో నీకు తెలియదా? నీ ఒళ్లో కాదా చచ్చింది?"

"నా ఒళ్లోనే. అందుకే రెండుసార్లు వెనక్కి పంపా."

నాకు ఆ మాట ఎక్కలేదు. ఎవరిని వెనక్కి పంపావని అడిగాను.

"నీ కూతుర్ని. నేను పిలిచాననుకున్నావా? దాని కాళ్ల మీద అదే వచ్చింది. ఒకసారి వచ్చి, 'అత్తా, నాకు చేయించు' అంది. చెంప మీద ఒకటి ఇచ్చి పంపా. ఇంకోసారి వచ్చింది. తిండి పెట్టి పంపా. మూడోసారి సంతలో కొన్న బ్లేడు కాగితంలో చుట్టుకుని వచ్చింది. 'నువ్వు చేయించకపోతే నేనే చేసుకుంటా, వాగులో' అంది. ఏం చెయ్యమంటావు? వాగులో చావనీయమంటావా?"

"నా దగ్గరికి తీసుకురావాలి. చెయ్యి పట్టుకుని, బ్లేడుతో సహా, నా దగ్గరికి."

"నీ దగ్గరికా?" అక్క నవ్వింది. ముందు పళ్లు లేని నవ్వు. "నీకు చెబితే మంగళవారం రేడియోలో వచ్చేది."

 ఆ నవ్వుకు నా కోపం ఇంకా పెరిగింది.

"ఇంత దాచినదానివి, పెయ్యను ఎందుకు కొట్టావు?" అన్నాను. "గొడ్డు మెడ మీద రాసిపెట్టి దాచడం ఏం దాచడం?"

అక్క నా వైపు పిచ్చివాణ్ని చూసినట్టు చూసింది. "పిల్ల ఒంట్లోంచి రక్తం పోయింది. పోయినదానికి బదులు ఇవ్వనా? దాచుకోవలసి వచ్చిందని పద్ధతి మానేస్తామా? అదీ తల్లి మంద రక్తమే కావాలి. నా ఆవుది ఇస్తే దానికి ఏం ఒంటబడుతుంది?"

మా వాళ్లందరూ ఇంతే. దొంగతనం చేసినా దీవెన తీసుకునే వెళ్తారు.

"నిన్ను జైల్లో పెట్టిస్తా" అన్నాను. "చట్టం ఉంది. ఆ ముసలిదాన్నీ నిన్నూ ఒకే తాడుకు కట్టిస్తా."

"పెట్టించు. జైల్లో కూడా రేడియో ఉంటుందట. మంగళవారం మంగళవారం నీ గొంతు వింటూ కూర్చుంటా."

కర్ర నేనే వంగి తీసుకున్నాను. పెయ్యను మందలోంచి వేరు చేశాను. ఇవాళ్టి నుంచి నాకు అక్క లేదని చెప్పాను. ఆమె మళ్లీ పుల్ల అందుకుని బుర్ర రుద్దసాగింది. నేను ముళ్లకంచె దాటాక మాత్రం వెనక నుంచి అరిచింది.

"పిల్లను తిట్టకు తమ్ముడూ! జ్వరం ఇంకా పోలేదు దానికి!"

నేను తిరిగి చూడలేదు.

దారిలో షోంకో ఎదురయ్యాడు. నాతోపాటే సున్తీ అయినవాడు, ఒకే ఏటివాళ్లం. వాడి కూతురు కూడా ఆ నలభై మందిలో ఉంది. వాడి దగ్గర నశ్యం తీసుకోకుండా ఎవరూ దాటలేరు, వాడు దాటనివ్వడు. డబ్బా తీస్తూనే వాడి కళ్లు పెయ్య మెడ మీద పడ్డాయి. మేము మనిషి ముఖం తర్వాత చూస్తాం.

"ఒరే, దీన్ని కొట్టారే. ఎవరికి జబ్బు?"

"నాకు" అన్నాను.

ఆ సంగతి మీద నేనాడిన మొదటి అబద్ధం అది. అంత తేలిగ్గా వస్తుందని అనుకోలేదు.

"నీకా? నీకేం రోగం రా? గొంతు అరిగిందా మాట్లాడి మాట్లాడి?" వాడు పడీపడీ నవ్వి, తుమ్మి, కళ్లు తుడుచుకున్నాడు. "శనివారం దాకా జాగ్రత్తగా ఉంచుకో. ఆ గొంతు మీద నేను పందెం కాశా. మా అమ్మ సంగతి తెలుసుగా. రోజూ శాపాలే. కత్తి పడని పిల్ల పాలు పోస్తే అవి విరుగుతాయట, ఆవు చూలు ఈసుకుపోతుందట. నేనేమన్నానో తెలుసా? 'అమ్మా, తుమాంకా కూతురు మొదట నిలబడుతోంది. వాడు పెళ్లాన్ని పోగొట్టుకున్నవాడు, వాడు కూతురితో ఆటలాడడు. ఆ పిల్ల నిలబడితే మన పిల్లా నిలబడుతుంది' అన్నా. మూసుకుంది నోరు."

"నిలబడకపోతే?"

"ఆదివారం పొద్దున్నే ఆ కత్తి ముసలిదాన్ని పిలిపిస్తుంది. మాట తీసుకుంది నా దగ్గర. నాకేం భయం? నీ కూతురు నిలబడదా ఏంటి?"

వాడి కూతురికి పదమూడేళ్లు. పళ్ల మధ్య సందు ఉంటుంది. నేను కనబడితే దీవెనకు తల వంచి నా చేతి కింద పెడుతుంది. నశ్యం వద్దని చెప్పి పెయ్యను తోలాను.

మా దొడ్డి ముందు తుమ్మ చెట్టు కింద ఎర్ర మోటార్ సైకిల్ ఉంది. నైసులా వచ్చిందన్నమాట. శనివారం ముందు రెండు మాటలు రికార్డు చేసుకుంటానని అంతకుముందు రోజే కబురు పెట్టింది. నేనే మర్చిపోయాను.

ఇద్దరూ గుడిసె నీడలో కూర్చుని ఉన్నారు. నైసులా ముక్కాలి పీట మీద, ఒళ్లో రికార్డరు, దాని మైకుకు నల్ల స్పాంజి టోపీ. సిలంతోయ్ పొయ్యి దగ్గర టీ కాస్తోంది. కాళ్లు ఒక పక్కకు మడిచి, చేతి మీద బరువు వేసి కూర్చుంది. అత్త దగ్గర నుంచి వచ్చినప్పటి నుంచీ అలాగే కూర్చుంటోంది. నేను చూశాను, రోజూ చూశాను. మలేరియా వల్ల నీరసం అనుకున్నాను. గొడ్డు మెడ మీద వేలెడంత గాటు కనబడింది నాకు. ఇంట్లో పిల్ల కూర్చునే తీరు కనబడలేదు.

"వచ్చారా బాబాయ్!" నైసులా లేచింది. "మీ కోసమే చూస్తున్నా. పొద్దు గుంకక ముందే రెండు మాటలు చెప్పేయండి. శనివారం ఇంకెంత దూరం, జనం అంతా ఎదురు చూస్తున్నారు. ఫోన్ల మీద ఫోన్లు."

సిలంతోయ్ నా వైపు చూడలేదు. పెయ్య వైపు చూసింది. ఆ పెయ్య ఎక్కడి నుంచి వచ్చిందో, నేనెక్కడి నుంచి వచ్చానో దానికి తెలిసింది. టీ గిన్నె పొయ్యి మీంచి దించి కింద పెట్టింది. 

"అత్త చెప్పేసిందా?" అంది.

"పెయ్య చెప్పింది."

నైసులా మళ్లీ పీట మీద కూర్చుంది. ఏం పెయ్య, ఎవరు చెప్పారు అని అడగలేదు. అడగకపోవడం నేను గమనించాను. కానీ ముందు నా కూతురు.

"ఎందుకు?" అన్నాను. "ఒక్క మాటలో చెప్పు."

"ఒక్క మాటలో రాదు నాన్నా."

"అయితే రెండు మాటల్లో చెప్పు."

"నా పేరు."

నాకు అర్థం కాలేదని దానికి తెలుసు. ఒంటికి చుట్టుకున్న ఎర్ర గుడ్డ మోకాళ్ల మీద సర్దుకుని చెప్పడం మొదలుపెట్టింది. గొంతు పెంచలేదు.

"ఏడాది కిందట నువ్వు రేడియోలో నా పేరు చెప్పావు. 'నా కూతురు సిలంతోయ్, పదహారేళ్లది, కత్తి తగలని పిల్ల, కత్తి తగలనివ్వను' అన్నావు. బాగా చెప్పావు. బళ్లో అందరూ విన్నారు. వాగు దగ్గర గొడ్లు కాసేవాళ్లు విన్నారు. మర్నాడు నీళ్లకి వెళితే నన్ను చూసి ఒకడు రేడియో పాట ఈల వేశాడు. మంగళవారం ప్రోగ్రాం ముందు వేసే పాట. అందరూ నవ్వారు. ఆ తర్వాత రోజూ అదే. నేను కనబడితే చాలు, కొండ ఆ పక్క నుంచి కూడా ఈల. సరిహద్దు అవతల మాకు చుట్టం కూడా లేని ఊళ్లో సంతకు వెళితే, 'ఈ పిల్లేనా' అని ఒక ముసలాయన నా గుడ్డ వైపు చూశాడు, నా మొహం వైపు కాదు. నా ఒంట్లో ఏముందో ఏం లేదో అందరికీ తెలుసు నాన్నా. నాకు సిగ్గు వేసింది. ఆ సిగ్గు పోవాలంటే ఆ సంగతి అబద్ధం కావాలి. అంతే అనిపించింది."

"నాకు చెప్పాలి."

"చెప్పా."

"ఎప్పుడు?"

"వానల ముందు. నువ్వు గొడ్లకు ఉప్పు పెడుతున్నావు. 'నాన్నా, రేడియోలో నా మాట వద్దు' అన్నా. నువ్వు 'అమ్మ కోసం' అన్నావు. అక్కడితో అయిపోయింది. అమ్మ కోసం అంటే నేనేమంటాను?"

నాకు గుర్తు లేదు. ఉప్పు పెట్టడం గుర్తుంది.

"అమ్మ పేరు కూడా నువ్వు వారం వారం పలికావు" అంది. "పోయినవాళ్లను పడుకోనివ్వాలి కదా. ప్రతి మంగళవారం మన ఇంట్లో అమ్మ మళ్లీ చచ్చింది. నేను అన్నం వండుతుంటే చచ్చేది."

"నోరు ముయ్యి" అన్నాను.

మూసుకుంది.  తర్వాత, నేను అడగకుండానే, గడ్డంతో నైసులా వైపు చూపించింది.

"ఈమెకూ చెప్పా. బడి నుంచి నడిచి వెళ్లి రేడియో ఆఫీసులో చెప్పా. 'అక్కా, నా పేరు తీసెయ్యండి, ఇంకేదైనా పేరు పెట్టుకోండి' అన్నా."

నేను నైసులా వైపు తిరిగాను. "వచ్చిందా?"

"వచ్చింది బాబాయ్."

"నువ్వేమన్నావు?"

నైసులా నల్ల స్పాంజి టోపీ తీసి, మళ్లీ పెట్టింది. "మీ నాన్న ఒప్పుకున్నారు అన్నా. పేరు లేకపోతే అది ఎవరో పిల్ల కథ అవుతుంది, పేరుంటే మన కథ అవుతుంది, కొంచెం ఓర్చుకో అన్నా. వేడుక అయిపోతే అందరూ నిన్ను మెచ్చుకుంటారు అన్నా."

"నాకు చెప్పలేదు."

"మీకు చెబితే మీరు ఆపేస్తారని భయపడ్డా. మీరు ఆపితే ప్రోగ్రామే లేదు. మీ మాట వినే కదా ఒక్కొక్క తండ్రీ పేరు రాయించింది." ఆమె కళ్లలో నీళ్లు వచ్చాయి. నాకు జాలి కలగలేదు. "నన్ను పదకొండేళ్లప్పుడు కోశారు బాబాయ్. అప్పుడు మా ఇంట్లో రేడియో ఉండేది. అందులో ఫుట్‌బాల్ వచ్చేది. ఒక్కరు, ఒక్క పెద్దాయన, అందులో వద్దని అని ఉంటే మా నాన్న వినేవాడు. అందుకే ఈ పని పట్టుకున్నా."

"ఇది కోయించుకున్నట్టు నీకు ఎప్పుడు తెలిసింది?"

ఆమె సిలంతోయ్ వైపు చూసింది. సిలంతోయ్ ఆమెకు సాయం రాలేదు.

"రెండు వారాల కిందట" అంది నైసులా. "జ్వరం బాగా ఎక్కువైతే నాకు ఫోన్ చేసింది. నేనే బండి మీద నర్సు దగ్గరికి తీసుకెళ్లా. ఆ రోజు మీరు సంతకు వెళ్లారు."

"ఆ మాత్రలు మలేరియావి అన్నారు."

"మలేరియావి కావు."

నా ఇంట్లో పిల్ల చావబోతే బండి ఎక్కించుకుపోయి బతికించింది. అది నిజం. అది కూడా రాస్తున్నాను, దాచను. కానీ ఆ లెక్క అక్కడ ఆగదు.

"రెండు వారాల కిందట తెలిసింది. పోయిన మంగళవారం రేడియోలో ఏమన్నావు? నా తర్వాత, చివర్లో, నీ గొంతుతో."

 ఆమెకు బదులు సిలంతోయ్ చెప్పింది, రేడియోలో వచ్చినట్టే, అదే సాగదీతతో: "శనివారం మన ముందు మొదటగా నిలబడబోయేది, కత్తి తగలని సిలంతోయ్."

"తెలిసే అన్నావు" అన్నాను.

"తెలిసే అన్నా. నలభై మంది ఉన్నారు బాబాయ్! ఇప్పుడు ఈ సంగతి బయటికి పొక్కితే ఒక్క పిల్ల రాదు. 'తుమాంకా ఇంట్లోనే కోశారు, ఇక మనకేంటి' అంటారు. ఆదివారానికల్లా మిగతా అందర్నీ కత్తి కింద పడుకోబెడతారు. మీకు తెలుసు. నాకంటే మీకే బాగా తెలుసు." ఆమె పీట ముందుకు జరుపుకుని గొంతు తగ్గించింది. "నిలబడనివ్వండి. అంతే. అయిందేదో అయింది. మీరు ఎప్పటిలా ఆ మాట అనండి. గుడ్డ ఎత్తి చూసేదెవరు? ఒక్కరోజు. ఆ తర్వాత నేను ఈ ఇంటి పేరు ఎత్తను."

నా గొంతుతో అబద్ధం చెప్పమంటోంది. మొదటి తండ్రి పాలు పుక్కిట పట్టి అబద్ధం చెప్పడమంటే ఏమిటో ఈ పిల్లకు తెలియదని అనలేను, తెలుసు. ఆమె తండ్రి కూడా మావాడే. దీవెనలో అబద్ధం కలిస్తే అది శాపమై పిల్ల తల మీదే పడుతుందని కూడా తెలుసు. తెలిసే అడిగింది.

నేను జవాబు చెప్పేలోపు సిలంతోయ్ లేచి నిలబడింది. గుడిసె గోడ పట్టుకుని, ఒక్కొక్క కాలే సర్దుకుంటూ లేచింది. అప్పుడు చూశాను నేను, సరిగ్గా చూశాను.

"నేను నిలబడతా" అంది.

"నా తల్లే" అంది నైసులా.

"ఆగక్కా. నిలబడి ఉన్నదున్నట్టు చెబుతా. కోయించుకున్నానని చెబుతా. ఎవరూ పట్టుకుని కోయలేదు, నా అంతట నేను వెళ్లానని చెబుతా. తర్వాత వారం రోజులు ఎలా ఉందో, నర్సు ఏమందో, రేపు నాకు కాన్పు వస్తే ఏమవుతుందో, అదీ చెబుతా. ఈలలు వేసేవాళ్లు కూడా వస్తారుగా, వాళ్ల మొహం మీదే చెబుతా. ఆ నలభై మంది పేర్లు రేడియోలో చదవొద్దని చెబుతా. ఒక్క పేరు కూడా."

"నువ్వు అది చెబితే అంతా పోతుంది!" నైసులా అరిచింది. "షోంకో వాళ్ల అమ్మ..."

"షోంకో బాబాయ్ కూతురే నిన్న నన్ను అడిగింది, కోస్తే నొప్పి పుడుతుందా అక్కా అని. నాకేం తెలుసని అబద్ధం చెప్పా. ఇంకోసారి చెప్పను." సిలంతోయ్ నా వైపు తిరిగింది. "నాన్నా, నేను ఒక్కదాన్నే చెబితే వాళ్లు వినరు. నన్ను అరిచి దింపేస్తారు. నీ మాట వింటారు. నేను చెప్పాక నువ్వు నా తల మీద పాలు చల్లి ఆ మాట అనాలి. పెద్దదైంది, కొరత లేదు అనాలి. కోసినా కొరత లేదు, కోయకపోయినా కొరత లేదు అనాలి. నువ్వంటే షోంకో బాబాయ్ అంటాడు. ఆయనంటే మిగతావాళ్లంటారు. ఆ పిల్లలు మిగులుతారు."

ఆవులు కొండ దిగుతున్నాయి. గంటలు వినబడుతున్నాయి. నైసులా నా మొహం చూస్తోంది, నా కూతురు నా మొహం చూస్తోంది. ఒకరికి నా అబద్ధం కావాలి, ఒకరికి నా నిజం కావాలి. ఇద్దరికీ కావలసింది నా గొంతే. రెండేళ్లు ఇచ్చాను ఆ గొంతు. దాన్ని నా ఇంటి మీదికే తోలారు.

"అంటావా నాన్నా?" అంది సిలంతోయ్.

షోంకో కూతురు గుర్తొచ్చింది. వంచిన తల గుర్తొచ్చింది. అయినా నా నోరు మెత్తబడలేదు. దేన్నీ మెత్తబరచుకోవడం నాకు అలవాటు లేదు.

"సిలంతోయ్, విను. నైసులా, నువ్వూ విను, నీ యంత్రం పెట్టుకుంటే పెట్టుకుని విను. శనివారం నేను మైదానానికి వస్తాను. మొదటి తండ్రి చోట నిలబడతాను. నోరు మాత్రం తెరవను. నీ తల్లి సంగతి, నీ సంగతి, ఆ కత్తి సంగతి రేడియోలో మాట్లాడను, మైదానంలో మాట్లాడను, ఈ పొయ్యి దగ్గర నీతో కూడా మాట్లాడను. నేను చచ్చేదాకా ఈ నోట ఆ మాట ఇంకోసారి రాదు."